మిల్లీమీటరు తరంగములు - స్వదేశపు కర్మాగారము

1895లో కలకత్తా నగరమున ఆచార్య జగదీశచంద్ర వసుగారు విద్యుత్తరంగములను తీగ లేకయే గోడల కావలికి పంపి గంట మ్రోగించిరి. అచిరకాలముననే 5 మిల్లీమీటర్ల పొడవుగల తరంగముల వఱకును పుట్టించి పరీక్షించిరి. ప్రెసిడెన్సీ కళాశాలలోని ఇఱుకు గదిలో, రేకుపనివాని సాయమున, పరికరములను తామే చేయించుకొనిరి. ఊహయు పనిముట్టును ఒక్క కప్పు క్రింద పుట్టినవి. పేటెంటులన్న ఆయనకు విముఖత. మిత్రుల పట్టుదలచే 1904లో అమెరికాలో ఒకటి పొందియు దానిని ధనార్జనకు వినియోగింపలేదు. ఋషితుల్యుల కది శోభించును గాని దేశమునకు శోభింపదని న్యాయవాదవృత్తిలోనున్న మా అభిప్రాయము.

ఆ 5 మిల్లీమీటర్ల తరంగమునే నేటి ఇంజనీర్లు 60 గిగాహెర్ట్‌జులందురు. దానిని పుట్టించి, బలపఱచి, దిక్కు మార్చి పంపు వలయమంతయు నేడు గోరంత సిలికాను బిళ్ల మీద ఇముడుచున్నది. చిక్కు కూడ అచ్చటనే యున్నది. తక్కువ పౌనఃపున్యమున తీగ తీగయే. ఇచ్చట బిళ్లపై అర మిల్లీమీటరుకు కొంచెము మించిన గీత తరంగములో నాలుగవ వంతగును. అది తానే యొక పరికరమై ప్రవర్తించును. ట్రాన్సిస్టరు బలము సన్నగిల్లును; ప్రతి మలుపునను శక్తి వ్యయమగును. కావున కర్మాగారమువారు తమ ట్రాన్సిస్టరులను, తమ లోహపు పొరలను ఆ పౌనఃపున్యముననే కొలిచి యిచ్చు పట్టికలు లేనిదే, ఎంత మేధావియైనను చీకటిలో తడవులాడవలసినదే. ఈ విద్యలో రచనను తయారీనుండి విడదీయ వీలులేదు.

మనవారికి చేతగాదనువారు హైదరాబాదు, బెంగుళూరు వీధులలో తిరిగి చూతురు గాక! విదేశపు సంస్థలకై చిప్పులు రచించు యువకులచ్చట వేలకొలది గలరు. కాని వారు రచించినవి పరదేశపు కర్మాగారములలో రూపు దాల్చుచున్నవి. మొహాలీలో 1984లో పని ప్రారంభించిన మన కర్మాగారము 1989లో అగ్నికి ఆహుతియైనది. పునరుద్ధరింపబడిన ఆ కర్మాగారపు 180 నానోమీటర్ల పద్ధతి 60 గిగాహెర్ట్‌జుల పనికి చాలదు. హైదరాబాదులోని గేటెక్ కేంద్రము గాలియం ఆర్సెనైడుపై ఇట్టి సూక్ష్మతరంగ వలయములను చేయుచున్నది; అది మనకు గర్వకారణము.

2022లో ప్రభుత్వము 26 గిగాహెర్ట్‌జుల పట్టీని వేలము వేసినది. ఆకాశమునకు వెల కట్టుట సులభము. ఆ ఆకాశమున పలుకు చిప్పును చేయుటయే కష్టము. 2021లో చిప్పుల పరిశ్రమకై 76,000 కోట్ల రూపాయల పథకము ప్రకటింపబడినది. 28 నానోమీటర్ల వఱకు చేయగల ధోలేరా కర్మాగారమునకు 2024లో అనుమతి లభించినది. ప్రజల ధనము పొందు ఆ కర్మాగారము తన ఉన్నత పౌనఃపున్యపు కొలతల పట్టికలను మన కళాశాలల కీయవలెనని, ఏటేట కొన్ని బిళ్లలను విద్యార్థుల రచనలకై కేటాయింపవలెనని షరతు వ్రాయింపుడు. గేటెక్ తలుపులును విద్యార్థులకు విరివిగా తెఱువబడవలెను. కాకినాడలోనో వరంగల్లులోనో ఒక విద్యార్థి తాను గీచిన వలయమును తన చేతనే కొలిచి చూచుకొనుటకు ఇంతకంటె దగ్గర దారి మాకు తోచుట లేదు.