సముద్రం మన భాష కాదంటారా?

ఈసారి కొంచెం కోపంగా రాస్తున్నాను. తప్పులు ఉంటే దిద్దండి. కోపాన్ని మాత్రం దిద్దకండి.

పోయిన చలికాలం మేము మత్రా రేవులో ఓడ ఎక్కాము. ముంబై, కొచ్చి, కొలంబో చూసుకుంటూ సింగపూర్ దాకా పదిహేను రోజుల ప్రయాణం. అందులో ఏడు రోజులు ఓడ ఎక్కడా ఆగదు. చుట్టూ నీళ్ళే. ఓడవాళ్ళు ఆ రోజుని సీ డే అంటారు. మొదటి సీ డే పొద్దున మా మనవరాలు అడిగింది: "తాతయ్యా, సీ డేని తెలుగులో ఏమంటారు?"

నాకు మాట రాలేదు. మా టేబుల్ దగ్గరే ఇంకో తెలుగు కుటుంబం ఉంది. వాళ్ళలో పెద్దాయన నవ్వి అన్నారు: "తెలుగు పొలం భాష అమ్మా. సముద్రం మన భాష కాదు. ఓడ మీద ఇంగ్లీషే నయం."

నేను తల ఊపాను. అల్ మవాలే ఇంటికి తిరిగి వచ్చాక ఆ తల ఊపినందుకు సిగ్గు పడ్డాను. మనలా పెద్దయ్యాక తెలుగు నేర్చుకునేవాళ్ళు చాలామంది ఇదే మాట అంటారు. ఇంట్లోకి, గుడికి, వంటకి తెలుగు చాలు, బయట ప్రపంచానికి చాలదు అంటారు. ఈ మాట తప్పు. ఎందుకు తప్పో చెప్తాను.

రేవు లేని రోజు ఎలా గడుస్తుంది? పొద్దున్నే పై డెక్కు మీద నడక. తర్వాత టిఫిను. మధ్యాహ్నం కెప్టెన్ మైకులో చెప్తాడు: ఓడ ఎక్కడ ఉంది, ఎంత వేగంతో పోతోంది, కింద లోతు ఎంత, గాలి ఎటు నుంచి వీస్తోంది. తర్వాత భోజనం, కునుకు, టీ, మళ్ళీ తిండి. మేము తూర్పుకి పోతున్నాం కాబట్టి కొన్ని రాత్రులు గడియారం గంటో అరగంటో ముందుకి తిప్పుకున్నాం. సాయంత్రం అందరూ ఒక పక్కకి చేరి సూర్యాస్తమయం చూస్తారు. రాత్రి పాటలు.

ఇందులో తెలుగులో చెప్పలేనిది ఏముంది? గాలి, లోతు, వేగం, అల, నురగ, తూర్పు, పడమర. ఇవన్నీ మనకి మొదటి సంవత్సరంలో వచ్చిన మాటలే. కెప్టెన్ చెప్పింది మొత్తం నేను మనవరాలికి తెలుగులో చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. భాషలో మాట లేక కాదు, నాకు అలవాటు లేక.

ఓడ మాటలు కావాలా? ఓడ, నావ, తెప్ప, తెరచాప, తెడ్డు, చుక్కాని, లంగరు, రేవు, ఆటుపోట్లు, సరంగు, కలాసీ. ఇందులో లంగరు, సరంగు పారసీ నుంచి వచ్చాయి. కలాసీ అరబ్బీ నుంచి వచ్చింది. పొలం భాషకి ఈ మాటలు ఎలా వచ్చాయి? పొలం గట్టు మీద ఎవరూ లంగరు వెయ్యరు కదా! రేవుల్లో కలిసి పని చేసిన మనుషుల నోటి నుంచి వచ్చాయి. నేను ఉండే ఈ ఒమన్ కూడా అలాంటి రేవుల దేశమే. మన సామెతలు చూడండి. ఓడలు బళ్ళవుతాయి, బళ్ళు ఓడలవుతాయి అంటాం. ఓడ తెలియని జనం ఇలాంటి సామెత చెప్పుకోరు.

చరిత్ర కూడా ఇదే చెప్తుంది. శాతవాహన రాజు యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెం మీద రెండు తెరచాప స్తంభాల ఓడ బొమ్మ ఉంది. మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. అంతకుముందు ఓడ తుఫానులో పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకు రాజులు లాక్కునేవారు. ఇక నుంచి సుంకం తప్ప ఏమీ తీసుకోము, భయపడకండి అని ఆయన వ్యాపారులకి అభయం ఇచ్చాడు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉన్న కోరంగిలో ఓడలు కట్టేవారు. ఆ ఊరి పేరు ఎంత దూరం పోయిందంటే, బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలు అనేవారు.

ఇంకొకటి. 1860లో ట్రూరో అనే ఓడ కూలీలను ఎక్కించుకుని మద్రాసు నుంచి బయలుదేరి నవంబరు 16న డర్బన్ చేరింది. అందులో 342 మంది. చాలామంది తమిళులు, తెలుగువాళ్ళు. నెలకి పైగా నీళ్ళ మీదే ఉన్నారు. వాళ్ళకి బఫే లేదు, పాటల కచేరీ లేదు. ఆ నెల రోజులూ వాళ్ళు భయం ఏ భాషలో చెప్పుకున్నారు? పిల్లల్ని ఏ భాషలో నిద్రపుచ్చారు? ఇంగ్లీషులోనా?

ఒక మాట మాత్రం ఒప్పుకుంటాను. ఆ పెద్దాయన ఊరికే అనలేదు. మా ఇంట్లో కూడా సముద్రం మాటలు వినపడలేదు. మా పెద్దవాళ్ళు లోపలి ఊళ్ళవాళ్ళు. నేను చదివింది ఇంగ్లీషు మీడియం బడిలో. కానీ మా ఇంట్లో లేనంత మాత్రాన భాషలోనే లేదా? ఆంధ్ర తీరం పొడవు దాదాపు 1,000 కిలోమీటర్లు. అక్కడ వాడబలిజలు, ఇతర మత్స్యకారులు రోజూ ఆ మాటలతోనే బతుకుతున్నారు. వాళ్ళ తెలుగుని మనం మోటు అన్నాం, పుస్తకంలో పెట్టలేదు, పిల్లలకి చెప్పలేదు. తర్వాత తెలుగులో మాటలు లేవు అంటున్నాం. శ్రీకాకుళం మత్స్యకారులు 2018లో గుజరాత్ దగ్గర వేటకి పోయి పాకిస్తాన్ వాళ్ళకి దొరికారు, 2020 జనవరిలో విడుదలయ్యారు. ఆ కథ మీద 2025లో సినిమా వచ్చేదాకా తండేలు అంటే పడవని నడిపించే పెద్ద అని మనలో ఎంతమందికి తెలుసు? నాకు తెలియదు.

ఇప్పుడు అసలు సంగతి. మా గది సర్దే అబ్బాయి బ్యాడ్జి మీద పేరు, దేశం రాసి ఉన్నాయి. ఐదు రోజులు నేను చదవలేదు. గుడిలో శనివారం ప్రసాదం వడ్డించేటప్పుడు ప్రతి మనిషినీ పలకరిస్తాను. ఓడలో నాకు వడ్డించేవాళ్ళ ముఖం చూడలేదు. మనవరాలు చదివి అడిగింది: "అన్నా, నీకు తెలుగు వచ్చా?" ఆ అబ్బాయి చేతిలో తువ్వాలు అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "మాది శ్రీకాకుళం జిల్లా పాపా. మా నాన్న వేటకెళ్తాడు" అన్నాడు. అక్కడ వేట అంటే చేపల వేట.

తర్వాత నాతో అన్నాడు: "నడిసంద్రంలో ఉన్న రోజు మీకు సెలవు బాబాయ్. మాకు పని ఎక్కువ. రేవు వస్తే మీరందరూ దిగిపోతారు, మాకు కాస్త ఊపిరి ఆడుతుంది." నేను వెతుకుతున్న మాట అతని నోట్లో ఉంది: నడిసంద్రం.

ఓడ పనివాళ్ళకి 24 గంటల్లో కనీసం 10 గంటల విశ్రాంతి ఇవ్వాలని, లేదా పని 14 గంటలు దాటకూడదని 2006 నాటి అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం చెప్తుంది. 14 గంటలు! మనం సీ డే బోర్ కొట్టింది అనే ముందు ఆ అంకె గుర్తు పెట్టుకోవాలి.

కాబట్టి ఓడలో తెలుగు లేదు అనకండి. ఉంది. కింది అంతస్తులో ఉంది, మన గది దుప్పటి మడత పెడుతోంది. దానితో మాట్లాడటానికి మనకి నామోషీ, అంతే. నేర్చుకునేవాళ్ళకి నా మనవి ఒకటే. ఈసారి ఓడ ఎక్కినా, విమానం ఎక్కినా, హోటల్‌కి పోయినా, ముందు బ్యాడ్జి చదవండి. తర్వాత నోరు తెరిచి "మీది ఏ ఊరండీ?" అని అడగండి. తప్పు తెలుగైనా పరవాలేదు. నాదీ తప్పు తెలుగే. ఆ అబ్బాయి ఒక్కసారి కూడా నవ్వలేదు.