చిల్లు చిన్నదే... మాటు వేయించారా?

'బిందెలకు మాట్లేస్తాం... బకెట్లకు అడుగులేస్తాం...' ఒకప్పుడు పొద్దున్నే వీధిలో వినిపించే కేక ఇది. వినగానే అమ్మ అటక మీది ఇత్తడి బిందె దించేది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే తప్ప కనిపించని సూదిమొనంత చిల్లు. అయినా రాత్రి నింపిన నీళ్లు తెల్లారేసరికి సగానికి దిగేవి. వచ్చినాయన బొగ్గులు రాజేసి, తగరం కరిగించి, ఆ చిల్లు మూసేవాడు. బిందె అదే, నీళ్లూ అవే. కారడం మాత్రం ఆగేది.

కంప్యూటర్లో, సెల్‌ఫోన్లో 'అప్‌డేట్ చేయండి' అంటూ ఓ మూల కనిపిస్తుంది చూశారూ... అందులో చాలా భాగం ఇలా మాటు వేసే పనే. మనమేమో 'తర్వాత గుర్తు చేయి' అని నొక్కేసి పనిలో పడిపోతాం.

మొన్న పాకాల వెళ్లినప్పుడు ఓ కాగితం జిరాక్స్ కోసం నెట్ సెంటర్‌కి వెళ్లాను. అక్కడా తెర మీద అదే మాట. 'రీస్టార్ట్ చేయొచ్చు కదన్నా' అంటే ఆయన నవ్వాడు. 'ఇప్పుడు నొక్కితే అరగంట గుండ్రంగా తిరగతానే ఉంటాది సార్. ఈడ జనం ఎంతమంది నిలబడుండారో చూడండి. ఇన్నేళ్లుగా నొక్కలేదు, ఏమీ కాలేదు' అన్నాడు.

ఆయన మాటలో అబద్ధం లేదు. కానీ ఏమీ కాలేదనుకుంటూ ఉండగానే అయిపోయిన రోజొకటి ఈ జిల్లాకు తెలుసు.

ఆ శనివారం ఏం జరిగింది?

2017 మే 12, శుక్రవారం. 'వనాక్రై' అనే వైరస్ ప్రపంచం మీద పడింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. ఫ్రాన్స్‌లో కార్ల ఫ్యాక్టరీలు ఆగాయి. సుమారు 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. మర్నాటికి మన రాష్ట్రంలోనూ చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని 18 పోలీసు విభాగాల్లో కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని తేలింది. పాకాల అప్పుడు చిత్తూరు జిల్లాలోదే. కొద్దిరోజులకే తిరుమల తిరుపతి దేవస్థానం కార్యాలయాల్లోనూ కొన్ని కంప్యూటర్లకు ఇది సోకింది. అదృష్టవశాత్తూ దర్శనం టికెట్లకు ఇబ్బంది రాలేదు.

వైరస్ సోకిన కంప్యూటర్లో ఏ ఫైలూ తెరుచుకోదు. అన్నింటికీ తాళం పడుతుంది. తాళం తీయాలంటే 300 డాలర్లు, అంటే అప్పటి లెక్కలో సుమారు 19 వేల రూపాయలు బిట్‌కాయిన్లలో కట్టాలి. మూడు రోజులు దాటితే రెట్టింపు. విచిత్రమేంటంటే, ఎవరూ ఏ లింకూ నొక్కనక్కర్లేదు. ఒక కంప్యూటర్‌కి సోకితే చాలు, పక్కవాటికి అదే పాకుతుంది.

స్టేషన్ మాస్టరు కుర్చీలో దొంగ

ఇది ఎలా సాధ్యం? పాకాల జంక్షన్‌నే తీసుకోండి. ఒక లైను తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఇంకొకటి పీలేరు, కదిరి మీదుగా ధర్మవరానికి. ఏ బండి ఏ లైన్లోకి రావాలో, ఏది ఆగాలో చెప్పేది స్టేషన్ మాస్టరు. బండి నడిపేవాళ్లు తమకు తోచిన లైన్లోకి పోతామంటే కుదరదు. కంప్యూటర్లో ఆ స్టేషన్ మాస్టరు ఉద్యోగం చేసేది 'కెర్నెల్'. పేరుకు అర్థం గింజలోని పప్పు. ఆపరేటింగ్ సిస్టమ్‌కి నడిగుండె అన్నమాట. ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలన్నా, నెట్ వాడాలన్నా, జ్ఞాపకశక్తిలో కాస్త చోటు కావాలన్నా దాన్ని అడగాల్సిందే.

మామూలు ప్రోగ్రాములో లోపముంటే ఒక బండి చెడినట్టు. కెర్నెల్లో లోపముంటే స్టేషన్ మాస్టరు కుర్చీలో దొంగ కూర్చున్నట్టు. అన్ని లైన్లూ వాడి చేతిలోకి పోతాయి.

వనాక్రై దూరింది అలాంటి లోపంలోంచే. కంప్యూటర్లు తమలో తాము ఫైళ్లు పంచుకోవడానికి విండోస్‌లో ఒక ఏర్పాటు ఉంది. దాన్ని నడిపే భాగం కెర్నెల్లోనే పనిచేస్తుంది. బయటి నుంచి వచ్చే సమాచారం ఎంతో అది ఒకచోట తప్పుగా లెక్కగట్టింది. బస్తా బియ్యానికి అరబస్తా సంచి ఇచ్చినట్టు చిన్న జాగా కేటాయించింది. మిగిలింది పక్కకు పొర్లింది. ఆ పొర్లిన దాంట్లో దొంగ తన ఆదేశాలు కలిపి పంపాడు. ఇంకేం... కెర్నెల్ వాటిని తన సొంత పనే అనుకుని చేసేసింది.

ఈ చిల్లు సంగతి అమెరికా జాతీయ భద్రతా సంస్థకు ముందే తెలుసు. తన అవసరాలకు దాచుకుంది. దాన్ని వాడుకునే పనిముట్టు 2017 ఏప్రిల్లో బయటికి పొక్కి దొంగల చేతికి చిక్కింది.

59 రోజుల ఆలస్యం

అసలు బాధించే విషయం ఇదీ. ఆ చిల్లుకు మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే మాటు విడుదల చేసింది. దాడి జరిగింది మే 12న. మధ్యలో 59 రోజులు! దెబ్బతిన్న వాటిలో ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలే. వాటికి ఉచితంగా మాటు సిద్ధంగా ఉంది. వేయించుకోలేదు, అంతే.

ఆలస్యంలో ఇంకో ప్రమాదమూ ఉంది. మాటు బయటికి రాగానే దొంగలు పాత కెర్నెల్‌నీ, కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ఎక్కడ మారిందో తెలిస్తే చిల్లు ఎక్కడుందో తెలిసినట్టే. అంటే అప్‌డేట్ వచ్చిన రోజు నుంచి, వేయించుకోనివాళ్ల ఇంటికి దారి చూపించినట్టే అవుతుంది.

చిల్లులు లేకుండా ముందే రాయొచ్చు కదా అంటారా? లినక్స్ కెర్నెల్ ఒక్కటే 3 కోట్ల లైన్లు దాటింది. అందులో 'డర్టీ కౌ' అని పేరుపడిన లోపం 2007 నుంచి దాగి ఉండి, 2016 అక్టోబరులో గానీ సరిదిద్దుకోలేదు. ఎవరైనా చదవగలిగే ప్రోగ్రాములోనే తొమ్మిదేళ్లు! ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉండేదీ ఈ లినక్స్ కెర్నెలే.

మాటే చిల్లయితే?

అప్‌డేట్ వల్లే పాడైపోతుందేమోనన్న భయమూ కొట్టిపారేయాల్సింది కాదు. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. దాని సాఫ్ట్‌వేర్ కూడా కెర్నెల్లో కూర్చునేదే కాబట్టి, సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి కూలబడ్డాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. తప్పును గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నా, పడిపోయిన యంత్రాల్ని చాలాచోట్ల ఒక్కొక్కటిగా చేత్తో బాగుచేయాల్సి వచ్చింది.

అలాగని మాటు మానేద్దామా? ఒకరోజు మందు వికటించిందని వైద్యమే మానేయం కదా. ముఖ్యమైన ఫైళ్లు ముందుగా వేరే డిస్క్‌లోకి తీసి, ఆ డిస్క్‌ని కంప్యూటర్ నుంచి విడదీసి ఉంచితే రెండు భయాలకూ మందు అదే. కంప్యూటర్లు పది ఉన్న ఆఫీసయితే ముందు ఒకదాంట్లో వేసి, బాగుంటే రెండు రోజుల్లో మిగతావాటికి వేయొచ్చు.

ఇంట్లో మీరు చేయాల్సినవీ తేలికే. ఫోన్ సెట్టింగ్స్‌లో 'సెక్యూరిటీ అప్‌డేట్' తేదీ ఒకసారి చూడండి. ఏడాది దాటి ఉంటే ఆ ఫోన్లో బ్యాంకు పనులు తగ్గించుకోవడమే మేలు. కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎంత అని అడిగినట్టే, 'ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తారు?' అనీ అడగండి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. మీది అదే అయితే కొత్తదానికి మారడమో, పొడిగింపు తీసుకోవడమో తేల్చుకోండి. ఇక చోరీ కాపీ వేసి అప్‌డేట్లు ఆపేసిన విండోస్ అంటారా... చిల్లులు లెక్కపెట్టుకోవడమే!

ఇదంతా నెట్ సెంటర్ ఆయనకు చెబితే విని ఊరుకున్నాడు. 'నీ కంప్యూటర్లో ఎవరెవరి కాగితాలున్నాయన్నా?' అని అడిగాను. కాసేపు తెర వైపు చూశాడు. ఊళ్లోవాళ్ల ఆధార్ కాపీలు, పిల్లల పదో తరగతి మార్కుల జాబితాలు, రైతుల పాస్‌పుస్తకాలు... వరసగా ఫోల్డర్లు. తన బిందె ఒక్కటే కాదు, ఊరి బిందెలన్నీ అక్కడే.

'రాత్రి షట్టర్ దించేముందు నొక్కేసి పోతాను సార్. తెల్లారేలోపు అదే అయిపోతాది' అన్నాడు.

తిరుగు బండి ఎక్కాక నా ఫోన్ తీసి చూసుకున్నాను. 'తర్వాత గుర్తు చేయి' నొక్కి నాలుగు వారాలైంది. ఇంటికెళ్లాక మొదట చేసిన పని... చెప్పక్కర్లేదనుకుంటా. మరి మీ ఫోన్ సంగతేంటి?