అప్పన్న, ఆకలి, ఒక అమ్మాయి

దేవుడికి చేసేదాన్ని ఉపచారమంటాం. మంచాన పడిన మనిషికి చేసేదాన్నీ ఉపచారమనే అంటాం. మాట ఒక్కటే గాని, మనమిచ్చే మర్యాద ఒక్కటి కాదు. స్వామికి షోడశోపచారాలూ లోపం లేకుండా జరిగే ఇల్లు మాది అని చెప్పుకోవడానికి ఎవరికైనా గొప్పగానే ఉంటుంది. ఆ ఇంటి ఆడపిల్లే రేపు ఆసుపత్రిలో చేరి పదిమంది రోగులకు ఉపచారం చేస్తానంటే మాత్రం, ఇంటిల్లిపాదీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తెలుగు పాఠం చెప్పి బతికేవాణ్ణి గనుక సంగతిని మాటతో మొదలుపెట్టాను. అసలు సంగతి మా కంచరపాలెంలో ఒక అమ్మాయిది.

విశాఖపట్నం చూడవచ్చే చుట్టాలు సముద్రం చూస్తారు, కైలాసగిరి ఎక్కుతారు, సింహాచలం వెళ్ళి పులిహోర ప్రసాదం తెచ్చుకుంటారు. 2018లో ఆ పేరు పెట్టుకుని ఒక సినిమా వచ్చేదాకా, కంచరపాలెం చూపించమని అడిగినవాళ్ళను నేనెరుగను. రైల్వేలోనూ, పోర్టులోనూ, చుట్టుపక్కల కర్మాగారాల్లోనూ పనిచేసే సంసారాలు సర్దుకుని బతికే పేట ఇది. కంచుపని చేసేవాణ్ణి కంచరి అంటారు. కంచుకూ కంచానికీ చుట్టరికం ఉన్నదే. అందుకే కాబోలు, మా పేటలో ఎవరు ఎవరికి ఎదురుపడినా "భోజనాలయ్యాయా?" అన్నదే మొదటి పలకరింపు.

ఆ అమ్మాయిది మా వీధే. తండ్రి రైల్వే ఉద్యోగి. ఇంట్లో తల్లి, మామ్మ, బడికి వెళ్ళే తమ్ముడు. ఇంటరు పరీక్షలు అయిపోయాయి. ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య మన ఆడపిల్లలకు దొరికే కాస్త తీరిక వేసవి. ఆ తీరిక కూడా వంటింటి పాలే. ఆవకాయ ముక్కలు తుడవాలి, ఆవపిండి జల్లించాలి, మాగాయ డాబామీద ఎండబెట్టి కాకులను కాయాలి, వడియాలు పెట్టాలి. ఈ పనులన్నీ ఆమె విసుక్కోకుండా చేసి, చివరికొక కోరిక కోరింది. ఏటా పెట్టే రెండు జాడీలు కాక మూడో జాడీ ఆవకాయ పెట్టమంది.

"ఎవరికే?" అంది తల్లి.

"ఆసుపత్రి వరండాలో వాళ్ళకి."

కిందటేడు మామ్మకు కాలు విరిగి ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఈ పిల్ల పన్నెండు రోజులు క్యారేజీ మోసింది. రోగికి మంచముంటుంది, పథ్యం ఉంటుంది. వెంట వచ్చినవాళ్ళకు అవి రెండూ ఉండవు. ఏజెన్సీ గూడేల నుంచి, శ్రీకాకుళం పల్లెల నుంచి వచ్చి, వరండాలో గోడకు చేరగిలబడి, కొనుక్కున్న పొట్లం అన్నాన్ని ముగ్గురు పంచుకుని తినేవాళ్ళను ఆమె అక్కడ చూసింది. అది ఆ ఒక్క ఆసుపత్రిలో కనిపించేదా? ఏ ఊరి పెద్ద ఆసుపత్రికి వెళ్ళినా కనిపిస్తుంది. చూసినవాళ్ళం చాలామందిమి ఉన్నాం. జాడీ పెట్టమన్నది ఆమె.

తల్లి పెట్టింది. వేసవి పొడుగునా ఆదివారం ఆదివారం తల్లీ కూతుళ్ళు తెల్లవారుజామున లేచి వండడం, పొట్లాలు కట్టడం, తమ్ముడు సంచీ మోయడం. ఎండలు ముదిరాక చోడి అంబలి కాచి, మజ్జిగ కలిపి క్యానులో పోసి పంపారు. మామ్మ సంతోషానికి మేర లేదు. "అన్నదానానికి మించిన పుణ్యం ఏముంది!" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. అంతవరకు ఇంట్లో ఏ పేచీ లేదు.

పేచీ చందనోత్సవం నాడు వచ్చింది.

మావైపు సింహాద్రి అప్పన్న అంటే ఎంత నమ్మకమో చెప్పనక్కరలేదు. వరాహ నరసింహుడైన ఆ స్వామి ఏడాది పొడుగునా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియనాడు, అంటే అక్షయ తృతీయనాడు, ఆ పూత తీసినప్పుడే నిజరూప దర్శనం. మళ్ళీ అదే రోజు మొదలుకొని వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములతో కలిపి నాలుగు విడతలుగా, విడతకు మూడు మణుగుల వంతున చందనం సమర్పిస్తారు. ఆ ఒక్కనాటి దర్శనానికి జనం రాత్రి నుంచే వరసల్లో నిలబడతారు. గంటలకొద్దీ నిలబడ్డవాళ్ళకు స్వామి కనిపించేది రెప్పపాటు.

మామ్మా మనవరాలూ వెళ్ళి దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి చెమటతో తడిసి ఇల్లు చేరారు. కాళ్ళు కడుక్కుంటూ మామ్మ ముచ్చటగా అడిగింది: "ఏం కోరుకున్నావే తల్లీ?"

"నర్సింగులో సీటు మామ్మా."

మంచి సంబంధమనో, తండ్రికి ప్రమోషనో అని ఉంటే ఆ పూట పాయసం వండేవారు. ఇప్పుడు ఎవ్వరూ మాట్లాడలేదు. నాలుగు రోజులు చూసి తండ్రి మా ఇంటికి వచ్చాడు.

"మాస్టారూ, మీ మాటంటే దానికి గురి. డిగ్రీలో చేరమని చెప్పండి. సేవ చెయ్యొద్దని నేనంటానా? ఆదివారం ఆదివారం చేసుకోమనండి. రాత్రి డ్యూటీలు, పరాయివాళ్ళ ఒంటిపనులు, రేపు సంబంధం చూడబోతే వాళ్ళేమంటారో... ఆడపిల్ల తండ్రిని గదా."

ఆయన చెడ్డవాడేం కాదు. ఆదివారం పొట్లాలకు బియ్యం కొన్నది ఆయనే. నేను వాళ్ళింటికి వెళ్ళాను. నేను నోరు తెరిచేలోగా మామ్మ అందుకుంది.

"డొక్కా సీతమ్మగారు ఏ కాలేజీలో చదివారు బాబూ? ఇంట్లో ఉండే చెయ్యలేదూ సేవ?"

ప్రశ్న గట్టిదే. సీతమ్మగారు 1841లో మండపేటలో పుట్టారు. తండ్రి భవానీశంకరంగారు ఎందరికో అన్నం పెట్టి బువ్వన్న అనిపించుకున్నవారు. జోగన్నగారిని పెళ్ళాడి కోనసీమలోని లంకల గన్నవరం వచ్చిన సీతమ్మగారు, గోదావరి పాయలు దాటి వచ్చే బాటసారులకు పగలనక రాత్రనక వండి వడ్డించారు. ఒకసారి ఆవిడ అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి పల్లకిలో బయలుదేరారట. దారిలో ఒక పెళ్ళి బృందం, "ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మగారి ఇల్లు వస్తుంది, పిల్లలకింత అన్నం దొరుకుతుంది" అనుకోవడం చెవిన పడింది. ఆవిడ పల్లకి వెనక్కి తిప్పించి, వాళ్ళకంటే ముందు ఇల్లు చేరి పొయ్యి వెలిగించారని చెప్పుకుంటారు. 1909లో కన్నుమూశారు. గన్నవరం దగ్గర వైనతేయ పాయమీది అక్విడక్టుకు ఆవిడ పేరుంది. 2024 నుంచి ఆంధ్రప్రదేశ్ బళ్ళలో మధ్యాహ్న భోజన పథకానికీ ఆవిడ పేరే పెట్టారు.

అంతర్వేదిలో ఉన్నదీ నరసింహుడే, మా కొండమీద ఉన్నదీ నరసింహుడే. ఆకలిగొన్న వాళ్ళకోసం దర్శనం మానుకున్నా ఆయన కోపగించలేదన్నది ఆ కథలో సారం. మామ్మ మాత్రం మరో సారం తీసింది: వంటిల్లు చాలు, కాలేజీ వద్దు. ఆనాడు నేను వాదించలేదు. పెద్దావిడతో వాదించి గెలిచినవాడు లేడు. సమాధానం ఆషాఢంలో రోడ్డుమీదనే దొరికింది.

ఆషాఢ పౌర్ణమికి సింహగిరి ప్రదక్షిణ. కొండ దిగువ తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, కొండచుట్టూ 32 కిలోమీటర్లు నడుస్తారు. పంచాంగంలో అప్పటికింకా గ్రీష్మమే, విశాఖ ఉక్కా వెళ్ళదు. హనుమంతవాక, సీతమ్మధార మీదుగా నడిచి వచ్చేవారికి మా కంచరపాలెం చేరేసరికి కాళ్ళు బరువెక్కుతాయి. ఆ రాత్రి మా పేట నిద్రపోదు. ఇంటింటి ముందూ బల్ల వేసి మజ్జిగ, పులిహోర, అరటిపళ్ళు పంచుతారు. ఉన్నవాళ్ళు, లేనివాళ్ళు అని లేదు. వీధి కుళాయి నీళ్ళు బిందెతో తెచ్చి గ్లాసులతో అందించి దండం పెట్టేవాళ్ళనూ చూశాను.

అమ్మాయీ, తండ్రీ మజ్జిగ బల్ల దగ్గర ఉన్నారు. రాత్రి పదకొండు దాటాక అరవయ్యేళ్ళ ఆవిడ ఒకావిడ తూలి, బల్ల పక్కనే కూలబడింది. ఒళ్ళంతా చెమట, మాట ముద్దగా వస్తోంది. జనం మూగారు. ఒకరు విసురుతున్నారు, ఒకరు పానకం గ్లాసు నోటికి ఆనించబోతున్నారు, ఒకరు "వద్దు, షుగరు మనిషేమో" అంటున్నారు. అమ్మాయి చేతిలోనూ గ్లాసుంది. పొయ్యాలో మానాలో తెలియక అలాగే నిలబడిపోయింది.

అంతలో డ్యూటీ దిగి పక్కనున్న జ్ఞానాపురానికి ఇంటికి వెళుతున్న ఒక నర్సు స్కూటరు ఆపి వచ్చింది. మెడలో చిన్న శిలువ. ముందు జనాన్ని వెనక్కి జరిపింది. మత్తులో ఉన్న మనిషి నోట్లో ఏదీ పొయ్యొద్దని, పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టింది. అంబులెన్సుకు ఫోను చేయించింది. తోడు వచ్చిన కోడలిని రెండే ప్రశ్నలు అడిగింది: "షుగరు మాత్ర ఎప్పుడు వేసుకున్నారు? అన్నం ఎప్పుడు తిన్నారు?" మాత్ర పొద్దున మామూలుగానే వేసుకున్నారు, అన్నం లేదు, స్వామికి ఉపవాసం. కాసేపటికి ఆవిడ కళ్ళు తెరిచి మాట్లాడి, మింగగలదని రూఢి అయ్యాక, అదే పానకం కొంచెం కొంచెంగా ఆ నర్సే తాగించింది. అంబులెన్సు వచ్చేసరికి ఆవిడ, "ప్రదక్షిణ ఆగిపోయిందే" అని ఏడుస్తోంది.

"మీకెలా తెలిసింది అక్కా?" అంది అమ్మాయి.

"నాలుగేళ్ళు నేర్పారమ్మా" అంది నర్సు, స్కూటరు తీస్తూ.

మజ్జిగ గరిటె పట్టుకుని తండ్రి ఆ మాట విన్నాడు.

ఆ రాత్రి అక్కడ భక్తికి కొదవ లేదు, తిండికి కొదవ లేదు, సాయపడదామన్న వాళ్ళకూ కొదవ లేదు. ఉపవాసం భక్తితో చేసిందే, పానకం దయతో ఇవ్వబోయిందే. ఆ గ్లాసును ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు ఇవ్వాలో తెలిసినది మాత్రం ఒక్కతే. సీతమ్మగారికీ ఒక చదువుంది. బువ్వన్నగారి ఇంట్లో పుట్టినందువల్ల, ఎంతమందికి ఎన్ని సోలల బియ్యమో చెయ్యే చెప్పేది. ఆరోగ్యవంతుడికి అన్నం పెట్టే విద్య పుట్టింట్లో అబ్బుతుంది. రోగికి పెట్టే విద్య ఏ పుట్టింట్లోనూ అబ్బదు. దాన్ని వేరే నేర్చుకోవాలి.

ఇది మన ఇళ్ళలో మాత్రమే వచ్చిన తగువు కాదు. ఫ్లోరెన్స్ నైటింగేల్‌కు 1837లో, పదహారేళ్ళ వయస్సులో, సేవకు రమ్మని దేవుడు పిలిచినట్టు తోచింది. ఇంగ్లండులో కలిగినవారి ఇల్లు. తల్లిదండ్రులు ససేమిరా అన్నారు. ఆమె ఎదురుచూసి ఎదురుచూసి, 1851 వేసవిలో గాని జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఒక క్రైస్తవ సేవాసంస్థలో చేరి మూడు నెలలు పని నేర్చుకోలేకపోయింది. అప్పటికి ఆమెకు 31 ఏళ్ళు. పిలుపుకూ పనికీ మధ్య పధ్నాలుగేళ్ళు పోయాయి. తరవాత 1859లో రోగి పరిచర్య మీద ఆమె రాసిన చిన్న పుస్తకంలో రెండు అధ్యాయాలు భోజనం గురించే. ఎదురుగా ఆహారం ఉండి కూడా, రోగి ఏ వేళకు తినగలడో కనిపెట్టేవాళ్ళు లేక పస్తుంటాడని ఆమె బాధ. ఆ మరుసటి ఏడు, 1860లో, లండనులో నర్సులకు బడి పెట్టించింది.

తండ్రి భయాలు ఉత్తుత్తివని నేననను. రాత్రి డ్యూటీ నిజం, అలసట నిజం, చాలాచోట్ల చాకిరీకి తగ్గ జీతం లేకపోవడమూ నిజం. కాని ఆ భయాల్లో ఒకటి మనం తయారుచేసిందే. జబ్బుపడితే మంచి నర్సు కావాలనుకుంటాం. కోడలు నర్సయితే మాత్రం ఆలోచిస్తాం. ఒంటికి మందు రాసిన చెయ్యి మనకు అంత బరువైపోయిందా? ఏ సంబంధం వాళ్ళు ఏమంటారోనని ఆ తండ్రి బెంగపడ్డాడు. ఆ సంబంధం వాళ్ళంటే ఎవరు? నేనూ, మీరూనే కదా. ఆ ఒక్క బెంగ తీర్చడం మన చేతిలో పని.

తండ్రి మొన్న దరఖాస్తు నింపాడు. సీటు వస్తుందో రాదో ఇంకా తేలలేదు. రాకపోతే ఏడాది ఆగి మళ్ళీ రాస్తానంటోంది అమ్మాయి. ఆదివారం పొట్లాలు ఆగలేదు. మామ్మ ఒప్పుకున్నట్టు నోటితో చెప్పలేదు గాని, నిన్న నేను అటు వెళితే నిలేసి అడిగింది:

"రాత్రి డ్యూటీ పడ్డనాడు పిల్ల ఎన్నింటికి తింటుంది బాబూ? క్యారేజీ మనం పంపుకోవచ్చునా?"