తాళపుచెవులు లేని ఇల్లాలు



ఫాల్గుణమాసము వచ్చినదన్న మన యిండ్లలో ఏడాది సరుకుల ప్రయత్నము మొదలగును. కందిపప్పెంత, చింతపండెంత, మిరపకాయలెన్ని వీసెలు, చేతనున్న సొమ్మెంత, నిరుటి బాకీ యెంత అని వ్రేళ్లు మడచి లెక్కించుకొందుము. సరిగా ఆ దినములలోనే మన రాష్ట్రప్రభుత్వమువారును శాసనసభలో రాబోవు సంవత్సరపు ఆయవ్యయపట్టికను, అనగా బడ్జెట్టును, చదువుచుందురు. పత్రికలో ఆ పుటను పురుషులు చదివి మడిచి పెట్టుదురు. మనము దానిని పప్పుడబ్బా అడుగున పరచుదుము. ఈ నెల ఆ కాగితమును పరచుటకు ముందు ఒకమారు చదివి చూతమని మా మనవి.

ఇది ఆడవారికి తగని విషయమని యెవరైన నందురేమో! భారతమున ఆరణ్యపర్వములో ద్రౌపదీ సత్యభామల సంవాదమును మనలో ననేకులు చదివినవారే. ధర్మరాజు ధనాగారమునకు వచ్చెడి సొమ్మును, పోయెడి సొమ్మును తానొక్కతెయే యెఱిగియుండెడిదానినని ద్రౌపది చెప్పుకొన్నది. అట్టి యిల్లాలి కథను పారాయణము చేయు మనము, మన పన్నులతో నడచు కోశమును గూర్చి తెలిసికొనుట తప్పెట్లగును?

పట్టికను చదువుట కష్టము గాదు. అందు ముఖ్యముగా మూడు తీరుల అంకెలుండును. గడచిన యేడు నిజముగా వచ్చి పోయిన లెక్క మొదటిది. నడచుచున్న యేటికి సవరించిన అంచనా రెండవది. రాబోవు నేటికి వేసికొన్న క్రొత్త అంచనా మూడవది. మఱియు వ్యయము రెండు విధములు. జీతములు, పింఛనులు, బియ్యపు సబ్సిడీ, వడ్డీ మొదలగునవి రెవిన్యూ వ్యయము. ఇది మనయింటి పాలు, బియ్యము, చాకలి పద్దు వంటిది. కాలువలు, రోడ్లు, భవనములు మూలధన వ్యయము; ఇది గేదెను కొనుటవంటిది, గోడ కట్టుటవంటిది. గేదెను కొనుటకు అప్పు చేసినచో పాలమ్మి తీర్పవచ్చును. బియ్యమునకు అప్పు చేసినచో మరుసటినెల మరల బియ్యమునకే అప్పు చేయవలసివచ్చును. బియ్యమునకు చాలని యీ కొఱతనే రెవిన్యూ లోటందురు. మొత్తముమీద చేయవలసి వచ్చు అప్పును ద్రవ్యలోటందురు. ఈ రెండు మాటలు తెలిసిన యిల్లాలికి పట్టికలో సగము తెలిసినట్లే.

ఇక మిగిలిన సగము మన చేతిలోగాని, రాష్ట్రపు చేతిలోగాని లేనిది. అదియే నాణెము. మన రాజ్యాంగమున నాణెములు, నోట్లు, వాని చెలామణి కేంద్రప్రభుత్వపు జాబితాలో చేరియున్నవి. రాష్ట్రము ఒక్క రూపాయినైన అచ్చు వేయజాలదు. కేంద్రమునకు బాకీపడియున్నచో వారి యనుమతి లేక అప్పును చేయజాలదు. అయినను బడులు, ఆసుపత్రులు, రక్షకభటులు, పొలములకు నీరు, ముసలివారికి పింఛను - ఈ భారమంతయు రాష్ట్రముదే. ఉమ్మడి సంసారమున వంట, వడ్డన, పిల్లల పోషణ కోడలివి. తాళపుచెవులు అత్తగారి నడుమున నుండును. రాష్ట్రముల స్థితియు నంతియే. అత్తగారు ఒకరాత్రి హఠాత్తుగా కొట్టుగదికి తాళము మార్చినచో కోడలి సంసార మెట్లుండునో, 2016వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ రాష్ట్రమున చూచితిమి.

ఆ యేడు నవంబరు 8వ తేదీ, మంగళవారము, కార్తికమాసము. రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు టెలివిజనులో మాటలాడుచు, ఆ యర్ధరాత్రినుండి అయిదువందల, వేయి రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించిరి. దేశమున చెలామణిలోనున్న నోట్ల విలువలో నూటికి 86 వంతులు ఆ రెండు నోట్లలోనే యుండెను. నల్లధనము, దొంగనోట్లు, ఉగ్రవాదులకు చేరు సొమ్ము - వీనిని అరికట్టుట ఉద్దేశమని చెప్పిరి. ఇట్టి రద్దు మన దేశమునకు క్రొత్త గాదు. 1946లోను, 1978లోను పెద్దనోట్లను రద్దు చేసియుండిరి. కాని ఆనాటి వేయి రూపాయల నోటును సామాన్య సంసారులు కన్నులార చూచినదే అరుదు. 2016 నాటి అయిదువందల నోటో, పాలవానికిని కూలివానికిని చేతులు మారునట్టిది.

మా సంగతి చెప్పుకొనుటకు సిగ్గుపడము. మీలో పెక్కురి సంగతియు నదియే గనుక. మా మినపప్పు డబ్బాలో ఇరువదిమూడు అయిదువందల నోట్లుండెను. నెలనెలకు వీలైనంత మిగిల్చి, ఆడపిల్ల చదువునకని దాచినవి. మావారికి తెలియదు. ఆ రాత్రి ఆ డబ్బాను తెచ్చి వారి ముందుంచవలసి వచ్చెను. వారు నవ్విరే గాని కోపింపలేదు. అయినను మా పేర బ్యాంకి ఖాతా లేదు గనుక ఆ పదునొకండువేల యైదువందలు వారి ఖాతాలో పడెను. నాటివరకు మాదైన సొమ్ము, మరునాటినుండి మేము అడిగి పుచ్చుకొనవలసిన సొమ్మయ్యెను. నల్లధనమును వెదకు దీపము ముందుగా ఇల్లాండ్ర పోపులడబ్బాలలో వెలిగినది. గృహిణులు రెండున్నర లక్షల రూపాయలవరకు జమచేసినను ప్రశ్నింపబోమని ఆదాయపు పన్నువారు ఊఱడించిరి. వారు ప్రశ్నింపకపోవచ్చును. ఇంటివారు ప్రశ్నింపరా? ఆ దినములలో ఎందఱు స్త్రీలు తాము దొంగలు గాకయే దొంగలవలె తలవంచుకొనిరో మన మెఱుగుదుము.

బయట మఱియొక విధమైన కష్టము. కృష్ణా గోదావరీ మండలములలో అది వరికోతల కాలము. ధాన్యము కళ్లములో నున్నది. కూలి యిచ్చుటకు నోటు లేదు. నవంబరు 14వ తేదీని జిల్లా సహకార కేంద్రబ్యాంకులు పాతనోట్లను తీసికొనరాదని రిజర్వు బ్యాంకు కట్టడి చేసినందున, ఆ బ్యాంకుల నాశ్రయించు రైతులకు దగ్గఱి ద్వారము మూతపడెను. బ్యాంకులలో మార్చుకొనువారి వ్రేలికి, వోటు వేసినట్లు, సిరా గుర్తు పెట్టిరి. ఆ డిసెంబరులో మా వీధిలోని యిద్దరు ముసలమ్మలకు చెరి వేయి రూపాయల పింఛను రావలసియుండగా, చిల్లర లేదని యిద్దరికిని కలిపి ఒకే రెండువేల నోటు చేతబెట్టిరి. దానిని మార్చువారు లేక ఇద్దరును ఒకరి చేయి నొకరు విడువక మూడు దినములు అంగళ్లచుట్టు తిరిగిరి. "అమ్మాయీ, ఇది నోటా, మా యిద్దరికీ వేసిన సంకెలా?" అని అందొకామె మా గుమ్మములో కూర్చుండి యడిగినది. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఇక రాష్ట్రకోశము మాట. ఆ రోజులలో రాష్ట్రమునకు సొంతమైన రాబడి ముఖ్యముగా నాలుగు తూములనుండి వచ్చెడిది: సరుకుల అమ్మకపు పన్ను, మద్యముపై సుంకము, భూముల యిండ్ల రిజిస్ట్రేషను రుసుము, వాహనముల పన్ను. నలుగురి చేతులలో నోట్లు తిరిగిననే యీ తూములలో నీరు పారును. స్థలము కొందమనుకొన్నవాడు ఆగినచో రిజిస్ట్రేషను ఆగును. అంగడికి గిరాకి తగ్గినచో పన్ను తగ్గును. మద్యపు సుంకము మాట వేఱు. నెల్లూరు మండలపు దూబగుంటలో మొదలై 1992లో సారాను ఎదిరించిన స్త్రీల రాష్ట్రము, తన జీతములకు ఆ రాబడివంక చూడవలసివచ్చుట మనకు నొప్పి కలిగించు సత్యము.

ఇందొక విచిత్రము గలదు. పెద్దనోట్లను రద్దుచేయుడని ఆ యక్టోబరులోనే ప్రధానికి లేఖ వ్రాసినవారు మన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడుగారే. పిమ్మట నోటు లేని చెల్లింపులను గూర్చి ఆలోచించుటకు ఏర్పడిన ముఖ్యమంత్రుల సంఘమునకు అధ్యక్షులును వారే. అట్టివారే డిసెంబరు నెలలో, దినదినము తలబ్రద్దలు కొట్టుకొన్నను ప్రజల యిక్కట్టు తీరుట లేదని వాపోయిరి. తాళము మార్చుడని తానే కోరిన కోడలికిని, తాళపుచెవి చేతికి రానిదే అన్నము వండుట సాధ్యము గాదు.

ఆ మరుసటి యేడు 2017 మార్చి 15వ తేదీని, వెలగపూడిలో క్రొత్తగా కట్టిన శాసనసభలో ఆర్థికమంత్రి యనమల రామకృష్ణుడుగారు 2017-18వ సంవత్సరపు బడ్జెట్టును చదివిరి. అమరావతి ప్రాంతమున చదువబడిన మొదటి బడ్జెట్టదియే. మొత్తము రు. 1,56,999 కోట్లు. అందు రెవిన్యూ వ్యయము రు. 1,25,912 కోట్లు, మూలధన వ్యయము రు. 31,087 కోట్లు. అంతకు ముందటి యేటి బడ్జెట్టు రు. 1,35,689 కోట్లే. దేశమంతయు నోటు కఱవునుండి యింకను తేరుకొనుచుండగా, మన పట్టికలోని అంకె ఇరువదియొక్కవేల కోట్లు పెరిగినది. రెవిన్యూ లోటు మాత్రము 416 కోట్లేనని అంచనా వేసిరి. అంత సంసారమునకు అంత స్వల్పమైన లోటు, నూఱు రూపాయల యింటిఖర్చులో ముప్పది పైసల కొఱతవంటిది. వినుటకు ఎంత యింపుగానున్నది!

కాని మనము ఆనాడే మొదటి తీరు లెక్కకొఱకు, అనగా నిజముగా వచ్చి పోయిన లెక్కకొఱకు, వేచియుండవలసినది. కాగ్ తనిఖీ చేసిన లెక్కలు వచ్చునప్పటికి, సుమారు రు. 1,25,500 కోట్లు రాగలదనుకొన్న రెవిన్యూ రాబడి, ఇంచుమించు రు. 1,05,000 కోట్లే యని తేలినది. 416 కోట్లనుకొన్న లోటు 16,000 కోట్లు దాటినది. ఇదంతయు నోట్లరద్దు వలననే జరిగినదని మేమనము. 2014లో విభజనతో పుట్టిన కొఱత పాతదే. 2017 జూలై 1వ తేదీనుండి జి.యస్.టి. వచ్చి అమ్మకపు పన్నులో చాలభాగము రూపుమాసినది. అనగా ఎనిమిది నెలలలో రెండవమారు తాళము మారినది. ఇన్ని కారణములు కలసినప్పుడు ఏది యెంత చెఱచినదో విడదీయుట కష్టము. కాని వచ్చునో రాదో తెలియని సొమ్మును వచ్చినట్లే వ్రాసికొని ఖర్చు నిర్ణయించుకొనుట ఎట్టిదో, పండక మునుపే పంటమీద నగ చేయించుకొన్న సంసారములను చూచినవారికి చెప్పనక్కఱలేదు.

మఱి ఆ మహాప్రయత్నపు ఫలమేమి? రద్దయిన నోట్ల విలువ సుమారు 15.41 లక్షల కోట్లుకాగా, నూటికి 99.3 వంతులు బ్యాంకులకు తిరిగివచ్చినట్లు 2018లో రిజర్వు బ్యాంకువారే ప్రకటించిరి. నల్లధనము కాగితములై కాల్వలో పడునన్న యాశ ఫలింపలేదు. 2016-17లో నోట్ల ముద్రణకైన ఖర్చు రు. 7,965 కోట్లు; అంతకు ముందటి యేడు అది రు. 3,421 కోట్లు. ముసలమ్మల నిద్దరిని బంధించిన ఆ రెండువేల నోటును 2023 మే నెలలో ఉపసంహరించిరి. అదే యేడు జనవరి 2వ తేదీని సర్వోన్నత న్యాయస్థానము నలుగురి మతము మేరకు రద్దు న్యాయమేయని తీర్పు చెప్పినది. అయిదవవారైన న్యాయమూర్తి బి.వి. నాగరత్నగారు మాత్రము, అట్టి కార్యము చట్టముద్వారా జరుగవలసియుండెనని వేఱుగ తీర్పు వ్రాసిరి. అయిదుగురిలో భిన్నముగ పలికినవారు ఒక స్త్రీయే యని గుర్తుచేయుటకు మాకు కొంత గర్వము గలదు. మేలును చెప్పవలసినదే: కూరలమ్మువద్ద సహితము నేడు ఫోనుతో చెల్లింపులు జరుగుచున్నవి, ఆ యలవాటునకు నాటి యిక్కట్టు ఒక ప్రోత్సాహమైనదనుట న్యాయమే. కాని యెండకు ఓర్చి వరుసలో నిలిచినవారు వేఱు. ఆ సౌఖ్యమును ముందుగా ననుభవించినవారు వేఱు.

మనము చేయదగినవి మూడు. మొదటిది, ప్రతి స్త్రీకిని తన పేరనే ఖాతా యుండవలెను. దాని పుస్తకము తన పెట్టెలోనే యుండవలెను. పోపులడబ్బా మనకు స్వాతంత్ర్యము నిచ్చినదనుకొంటిమి. దానికి తాళము లేదని ఆ కార్తికమున తెలిసినది. రెండవది, కూతుండ్రకు పద్దు వ్రాయుట నేర్పునప్పుడు, రాబడి యంచనాను కొంచెము తగ్గించియు, ఖర్చు అంచనాను కొంచెము పెంచియు వ్రాయుట నేర్పవలెను. మూడవది, వోటు అడుగ వచ్చినవారిని, "నిరుడు వత్తుననుకొన్న దెంత? వచ్చిన దెంత?" అని అడుగవలెను. ఈ ప్రశ్నకు పాండిత్య మక్కఱలేదు. పాలవానితో నెలాఖరున మనమాడు ప్రశ్నయే యిది.

మా సంగతి ముగించెదము. 2017 ఉగాదికి మావారు మమ్ము బ్యాంకికి తీసికొనిపోయి మా పేర ఖాతా తెఱిపించి, ఆ పదునొకండువేల యైదువందలను అందు మరల జమచేయించిరి. "డబ్బా మాత్రము ఖాళీగా నుంచకుము" అని నవ్విరి. ఉంచలేదు. అందిప్పుడు మినపప్పు నిండుగా నున్నది. అడుగున బడ్జెట్టు పుట పరచియున్నది. అయితే దానిని చదివిన తరువాతనే పరచితిమి.