నిలవని చూలుకు లెక్కేదీ?

కృత్రిమ గర్భధారణ సూది వేయించిన మూడు వారాలకు గేదె మళ్లీ ఎదకొస్తే రైతుకు విషయం అర్థమైపోతుంది. చూడి కట్టలేదు. అదీ ఎద బయటపడితేనే. గేదెలకు మూగ ఎద ఎక్కువ కాబట్టి ఆ సంగతి తెలియడానికి మరో నెల పట్టినా ఆశ్చర్యం లేదు. ఈలోగా మేత ఖర్చు నడుస్తూనే ఉంటుంది, పాలు తగ్గుతూనే ఉంటాయి. రిజిస్టరులో మాత్రం రెండుసార్లు వేసిన సూది రెండు పనులుగా జమ పడుతుంది. పోయిన పిండానికి అందులో గడే లేదు.

తిరిగి పొర్లే పశువుల విషయంలో నెపం వేయడానికి మనకు మనుషుల కొరత లేదు. మేత సరిగా పెట్టలేదని రైతు మీద, వేళకు రాలేదని సూది వేసే గోపాలమిత్ర మీద వేస్తాం. అందులో కొంత నిజమే. కానీ ఆవుల మీద దశాబ్దాలుగా జరిగిన పరిశోధన చెప్పేది వేరు. చాలాసార్లు ఫలదీకరణ జరుగుతోంది, పిండం ఏర్పడుతోంది. పోయేవాటిలో ఎక్కువ భాగం మొదటి మూడు వారాల్లోనే, ఎవరికీ తెలియకుండా పోతున్నాయి.

మనిషి పిండం పది రోజుల్లో గర్భాశయపు గోడలోకి తొలుచుకుపోతుంది. ఆవు పిండం తీరు అది కాదు. ఏడెనిమిది రోజులకు నీటిబుడగ రూపానికి వచ్చాక కూడా ఇంకో పది రోజులకు పైగా దేన్నీ పట్టుకోకుండా తేలుతూనే ఉంటుంది. రెండో వారం నడుస్తుండగా దాని పైపొర సాగడం మొదలవుతుంది. కంటికి ఆనీ ఆనని చుక్క కాస్తా జానెడు దారమవుతుంది. ఆ పొరే రేపటి మాయ. దాని కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీనే కడుపులో పిండం ఉందని తల్లికి చేరే కబురు. పదహారు, పదిహేడు రోజులకల్లా అది అందకపోతే గర్భాశయం ప్రొస్టాగ్లాండిన్‌ను విడుదల చేసి, అండాశయం మీద చూలును కాపాడుతున్న కార్పస్ ల్యూటియంను కరిగించేస్తుంది. పిండం బతికే ఉన్నా సరే, కబురు ఆలస్యమైతే అంతే సంగతులు.

దీన్నంతా పశువు కడుపులో చూడాలంటే దాన్ని కోయాలి, లేదా గర్భాశయాన్ని కడిగి పిండాన్ని బయటికి తీయాలి. అందుకే పిండపు పైపొర కణాలను పళ్లెంలో పెంచడం. అమెరికా వ్యవసాయ శాఖ బెల్ట్స్‌విల్ ప్రయోగశాల 2000లో ఆవు పిండాలతో ఆ పని చేసింది. మన కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థ 2015లో గేదె పిండాలతో చేసింది. ప్రయోగశాలలో ఫలదీకరించినవి, వీర్యం లేకుండానే ఎదిగించినవి, క్లోనింగ్ చేసినవి, ఈ మూడు రకాల పిండాల నుంచీ కణ వరుసలు తీసింది.

అదే సంస్థ 1990లో పరీక్షనాళిక దూడ ప్రథమ్‌ను, 2009లో క్లోన్ దూడ గరిమను పుట్టిస్తే దేశమంతా ఫొటోలు చూసింది. పళ్లెంలోని కణాలకు దూడ ముఖం ఉండదు కదా, అవి ఎవరికీ పట్టలేదు! కానీ పట్టించుకోక తప్పదు. 2019 పశుగణన ప్రకారం దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవే కలిపి కోటి దాటాయి. గేదె సమస్యను బెల్ట్స్‌విల్ తేల్చిపెడుతుందని కూర్చోవడం సిగ్గుచేటు.

పళ్లెం గర్భాశయం కాదన్న ఆక్షేపణ సరైనదే. అక్కడ పిండం దారంలా సాగదు, తల్లి హార్మోన్లూ ఉండవు. క్లోన్ పిండపు కణం మామూలు పిండపు కణంలా నడుచుకుంటుందన్న హామీ లేదు. కాబట్టి గర్భాశయపు లోపొర కణాలతో కలిపి పెంచాలి, ఫలితాన్ని బతికున్న గేదెలో సరిచూడాలి, పొసగనిదాన్ని దాచకుండా ప్రచురించాలి. ఆక్షేపణను సాకుగా చూపి పని మానేయడం మాత్రం చెల్లదు. మాయ కణాల ప్రొటీన్లను అర్థం చేసుకున్నందువల్లే నేడు ఆవు చూడిదో కాదో నాలుగు వారాలకే రక్తపరీక్షలో తేలుతోంది.

రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఐవీఎఫ్‌తో ఖాయమైన ఒక్కో చూలుకు 5,000 రూపాయల రాయితీ ఇస్తున్నారు. నిలిచినదానికి వెల కట్టిన ప్రభుత్వం, నిలవనిది ఎందుకు నిలవలేదో కనుక్కోవడానికి ఆ నిధిలోంచే వాటా తీయాలి. హైదరాబాద్‌లో జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ ఉంది. తిరుపతిలోనూ హైదరాబాద్‌లోనూ పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. కబేళాల్లో పారేసే అండాశయాల నుంచే అండాలు తీసి పిండాలు తయారుచేయవచ్చు, అందుకని ఒక్క పశువును కూడా ప్రత్యేకంగా చంపనక్కర్లేదు. గేదె మాయ కణాలను ఒకచోట భద్రపరచి, అడిగిన పరిశోధకుడికల్లా ఇచ్చే నిల్వ కేంద్రం కావాలి. రిజిస్టరులో వేసిన సూదుల పక్కన నిలవని చూళ్లకూ ఒక గడి గీయాలి. దానికైతే నిధులు కూడా అక్కర్లేదు.