‘ఆవేశం రక్తంలోనే ఉంది’ అనే ముందు

మహిళా బ్యారక్‌లో నీళ్ళ దగ్గర ఇద్దరు ఆదివాసీ స్త్రీలు జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. “కొండవాళ్ళు కదండీ, ఆవేశం రక్తంలోనే ఉంది” అంటారెవరో. జైళ్ళకు వెళ్ళే కార్యకర్తలకు ఈ ధోరణి కొత్త కాదు. కౌన్సెలింగ్ పేరుతో మనలో కొందరమూ ఇదే మాట్లాడుతున్నాం.

ఈ మాటకు చరిత్ర ఉంది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం కొన్ని సమూహాలకు పుట్టుకతోనే నేర స్వభావాన్ని అంటగట్టింది. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. ఎరుకల కుటుంబాలను స్టూవర్టుపురం సెటిల్మెంటులో పెట్టారు. 1952లో చట్టం దేశమంతటా రద్దయింది, ఆలోచన కాలేదు. సంచార తెగలవారికి పారిపోయే గుణం సహజంగానే ఎక్కువని పశ్చిమ బెంగాల్ జైలు నిబంధనలు మొన్నటిదాకా చెప్పాయి. సుకన్యా శాంత కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఇలాంటి నిబంధనలను కొట్టివేసింది.

స్వభావ వాదాన్ని ఖండించడానికి చాలామంది 1971 నాటి స్టాన్‌ఫర్డ్ జైలు ప్రయోగాన్ని చూపిస్తారు. అందులో గార్డులకు ఎలా ప్రవర్తించాలో ముందే నూరిపోశారని తర్వాత బయటపడింది. నేను దాని మీద ఆధారపడను. అరకు కొండల నుంచి విశాఖ సెంట్రల్ జైలుకు వెళ్ళే దారే మనకు కావలసినంత చెబుతుంది.

గంజాయి 20 కిలోలు దాటితే శిక్ష కనీసం 10 ఏళ్ళు. నిర్దోషి అని నమ్మడానికి కారణాలున్నాయని కోర్టుకు తోస్తే తప్ప 37వ సెక్షన్ కింద బెయిలు రాదు. మూట మోసిన కూలి మనిషి పట్టుబడుతుంది, డబ్బు పెట్టినవాడు తరచూ దొరకడు. ముంచంగిపుట్టు నుంచి ములాఖత్‌కు రావాలంటే బస్సు ఛార్జీలతో పాటు ఆనాటి కూలీ పోతుంది. కువి తప్ప మరో భాష రాని స్త్రీ, వార్డరు తెలుగులో చెప్పింది అర్థం కాక నిలబడిపోతే మొండితనం, గొంతు పెంచితే ఆవేశం!

అన్నిటికన్నా ఘోరం 32ఎ సెక్షన్. 1989లో చేర్చిన ఈ సెక్షన్ ప్రకారం గంజాయి రవాణాకు పడిన శిక్షలో రెమిషన్ ఉండదు. తోటి ఖైదీ సత్ప్రవర్తనతో రోజులు తగ్గించుకుంటుంటే, ఈమె ఎంత అణిగిమణిగి ఉన్నా ఒక్కరోజూ తగ్గదు. ఆ మనిషిని పట్టుకుని ‘ప్రవర్తన మార్చుకోమ్మా’ అని మనం హితబోధ చేస్తాం.

దుడుకు మనుషులు లేరనను. దెబ్బ తిన్నది కూడా సాటి ఖైదీయే, ఆమె ఫిర్యాదును పరిస్థితుల ఖాతాలో రాసి తోసేయకూడదు. కానీ ఈసారి జైలుకు వెళ్ళినప్పుడు కొట్లాట ఎవరిదని అడిగే ముందు, కుళాయిలు ఎన్ని, ఎంతమందికి, కువి తెలిసినవారు ఎవరైనా ఉన్నారా, ఆమెను చూడడానికి ఇంటివాళ్ళు ఆఖరుసారి ఎప్పుడొచ్చారు అని అడుగుదాం.