ఇచ్ఛాపురం పట్టణ వాసుల వినతిపత్రం

గౌరవనీయులైన శ్రీకాకుళం జిల్లా కలెక్టర్ గారికి,
ఇచ్ఛాపురం పట్టణ వాసులు నమస్కరించి సమర్పించుకుంటున్న వినతి.

విషయం: సరిహద్దు పట్టణంగా మా ఇబ్బందులు, మా ఊరి చరిత్ర, కాగితాల గురించి.

ఆర్యా,

‘ఇచ్ఛాపురం నుంచి తడ దాకా’ అని రాష్ట్రం పొడవు చెప్పేటప్పుడు మా ఊరి పేరు ముందు పలుకుతారు. పనుల దగ్గరికొచ్చేసరికి మా వంతు చివరికి పోతుంది. పాదయాత్రలకూ మాది ఆఖరి మజిలీయే. 2003లో చేవెళ్ల నుంచి నడిచొచ్చిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు, 2013లో షర్మిల గారు, 2019 జనవరిలో జగన్మోహన్ రెడ్డి గారు ఇక్కడే యాత్ర ముగించారు. ఆ యాత్రల గుర్తుగా స్తూపాలు లేచాయి. వాటి మీద మాకేమీ ఫిర్యాదు లేదు. స్తూపాలకు ముందు కూడా ఈ ఊరుందని దారినపోయేవాళ్లకు తెలియాలి, అంతే.

నిజాముల కాలంలో చికాకోల్ సర్కారు ఉత్తర భాగాన్ని ఏలిన నాయబుకు ఇచ్ఛాపురమే కేంద్రం. ఇంగ్లీషువాళ్లొచ్చాక గంజాం జిల్లాలో ఉన్నాం. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం రెండుగా చీలింది. బరంపురం అటు పోయింది, మేం ఇటు మిగిలాం. మమ్మల్ని విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా పుడితే ఇందులోకి వచ్చాం. ఇల్లు కదలకుండానే మా తాతలు మూడు జిల్లాల వాళ్లయ్యారు. అదే సరిహద్దు గీత పర్లాకిమిడిని ఒరిస్సాలో వేస్తే గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ ఊరొదిలి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అందరికీ అలా లేచిపోవడం కుదరదు కదా. పొలం ఇటు, అత్తవారిల్లు అటు ఉన్నవాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. మేం వాళ్ల మనవలం.

ఇప్పటికీ మా బజారులో బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది. మా వీధిలో ఒక మామ్మ ఉండేది. డబ్బులు ఒడియాలో లెక్కపెట్టేది, మనవణ్ణి తెలుగులో తిట్టేది. ఏది ఏ భాషో ఆవిడకు పట్టేది కాదు. పట్టేదల్లా ఆఫీసులకే.

మొన్న మాలో ఒకరి ఇంటి కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించాల్సి వచ్చింది. ఆ అమ్మాయిది బరంపురం. జనన ధ్రువపత్రం, బడి సర్టిఫికెట్ రెండూ ఒడియా లిపిలో ఉన్నాయి. ‘ఇది చదివేవాళ్లు మా దగ్గర లేరు, తర్జుమా చేయించి నోటరీ వేయించుకు రండి’ అన్నారు ఆఫీసువాళ్లు. తర్జుమాలో ఇంటిపేరు ఒక అక్షరం తేడా పడింది. పేరు కలవలేదని దరఖాస్తు తిప్పి పంపారు. మళ్లీ బరంపురం బస్సు, మళ్లీ నోటరీ, మళ్లీ క్యూ. పెళ్లికి కూడా ఇన్నిసార్లు తిరగలేదని వియ్యంకుడు నవ్వాడు గానీ, ఆ నవ్వు మాకు గుచ్చుకుంది. కాబట్టి మా మొదటి కోరిక ఇది: మా పట్టణంలో, మండలంలో ఒడియా చదవడం, రాయడం వచ్చిన ఉద్యోగిని ఒక్కరినైనా నియమించండి. ఆయన ధ్రువీకరించిన తర్జుమాను జిల్లాలో అన్ని ఆఫీసులూ ఒప్పుకోవాలని ఉత్తర్వు ఇవ్వండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు.

మా ప్రాంతంలో ఒడియా మాధ్యమం బడులున్నాయి. వాటిలో ఖాళీ అయ్యే టీచరు పోస్టులను ఆ భాష వచ్చినవాళ్లతోనే నింపాలి. పుస్తకాలు బడి తెరిచే రోజుకే అందాలి. బరంపురంలోని తెలుగు పిల్లలకూ తెలుగు చదువు దక్కేలా అక్కడి అధికారులకు మీరొక లేఖ రాయండి. అటు అడగకుండా ఇటు మాత్రమే అడగడం మాకే బాగుండదు.

బెంతు ఒరియాల ఎస్టీ ధ్రువపత్రాల గొడవ ఏళ్ల తరబడి నలుగుతోంది. ఇవ్వాలనేవారూ వద్దనేవారూ మాలోనే ఉన్నారు కనుక తీర్పు మేం చెప్పం. ఏదో ఒకటి తేల్చి, కారణాలు రాతపూర్వకంగా ఇవ్వండి. ఈలోగా పిల్లల చదువులు ఆగకూడదు.

ఇక వైద్యం. శ్రీకాకుళం మాకు 130 కిలోమీటర్ల పైమాటే, బరంపురం పాతిక. రాత్రిపూట గుండె పట్టేస్తే బండి ఎటు తిప్పుతామో మీరే చెప్పండి. ఉద్దానం కిడ్నీ జబ్బు మాకు కొత్త కాదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్‌లో మొదలయ్యాయి, సంతోషం. కానీ అత్యవసరానికి మా కాళ్లు బరంపురం వైపే పోతాయి. అక్కడి ఏ ఆసుపత్రిలో ఏ చికిత్సకు మన రాష్ట్ర ఆరోగ్య పథకం చెల్లుతుందో, దేనికి చెల్లదో పెద్దక్షరాలతో బోర్డు రాయించి మా ఆసుపత్రి గేటు దగ్గర పెట్టించండి. చెల్లనివాటిని చేర్చే ప్రయత్నం చేయండి.

బాహుదా నది కూడా అటునుంచే వస్తుంది. ఒడిశాలోని భగలట్టి జలాశయం నుంచి మనకు 1.5 టీఎంసీలు వదలాలని రెండు రాష్ట్రాల మధ్య ఒప్పందముంది. ఏటా ఎంత వదిలారో మున్సిపల్ ఆఫీసు బయట రాయిస్తే అడిగేందుకు మాకొక ఆధారం ఉంటుంది.

ఆ నది మీద బ్రిటిష్ కాలంనాటి వంతెన 2023 మే నెలలో గ్రానైట్ రాయి మోస్తున్న లారీ బరువుకు కూలిపోయింది. మా నాన్నలు సైకిళ్ల మీద బడికెళ్లిన దారి అది. దాని రాయి ఒక్కటైనా మిగిలి ఉంటే తెప్పించి, మూడు జిల్లాల మా కథను తెలుగులోనూ ఒడియాలోనూ చెక్కించి ఊళ్లో నిలబెట్టండి. 1936కు ముందరి గంజాం జిల్లా భూమి రికార్డుల్లో మా ఊళ్లవి ఎక్కడున్నాయో వెతికించి, నకళ్లు తహశీల్దారు ఆఫీసులో ఉంచండి. చెన్నై అని ఒకరు, ఛత్రపురం అని ఒకరు చెబుతుంటే ఛార్జీలు మావి, చేతికొచ్చేది సున్నా.

చివరగా, ఈ కాగితం సోమవారం గ్రీవెన్స్‌లో ఇవ్వడానికి మేం తెల్లవారకముందే రైలెక్కాం. మీ ముందు నిలబడేది రెండు నిమిషాలు, ఇల్లు చేరేసరికి రాత్రి. నెలకొక సోమవారం మీరే మా ఊరు రండి. తర్వాతి వినతిపత్రం అక్కడే తీసుకోండి.

ఇట్లు,
ఇచ్ఛాపురం పట్టణ వాసులు